విద్యార్థివేతనము : యోగము, క్షేమము



“యోగక్షేమములు” అను జంటపదమును మనము నిత్యము వాడుచుందుము. ఉత్తరము వ్రాసినను, ఎదురుపడినను మొదట అడుగునది వానినే. పెద్దలు ఈ పదమునకు చెప్పిన యర్థము ఇది: లేనిదానిని పొందుట యోగము, పొందినదానిని కాపాడుకొనుట క్షేమము. విద్యార్థివేతనముల విషయమున మన సంఘములన్నియు యోగమును గూర్చియే మాటలాడును. ఎందరికి వేతనమిచ్చితిమి, ఎంత ద్రవ్యమిచ్చితిమి అనునవి వార్షికనివేదికలయందు అచ్చగుచున్నవి. ఇచ్చిన వేతనము తుదివరకు ఎందరికి నిలిచెను, ఎందరికి నడుమ తెగెను, ఏల తెగెను అను క్షేమభాగము మాత్రము ఏ నివేదికయందును కానరాదు.

ఈ సంవత్సరము మన విద్యానిధి నిబంధనలకు ఒక క్రొత్త నియమమును చేర్పవలెనని కార్యవర్గమువారు తలపెట్టియున్నారు. కళాశాలలో ఏ పరీక్షయందైనను, ఏ యొక్క విషయమునందైనను తప్పిన విద్యార్థికి వేతనమును నిలిపివేసి, మరల నెన్నడును ఇయ్యరాదనునదియే యా నియమము. దాతల ధనము వృథ కారాదను సదుద్దేశమునుండి పుట్టినదే యగుటచే దానిని తేలికగా త్రోసివేయ వలనుపడదు. అయినను సభవారు చేయెత్తుటకు ముందు, ఇట్టి నియమములు మన దేశమున ఎట్లు పుట్టి పెరిగినవో, ఎవరిని నిలిపినవో, ఎవరిని పడద్రోసినవో కొంత విన్నవించుట నా విధియని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

విద్యార్థిని పోషించుట మనకు క్రొత్త గాదు. దక్షిణార్కాటు ప్రాంతమందలి ఎణ్ణాయిరమున, రాజేంద్రచోళుని కాలమున, అనగా పదునొకండవ శతాబ్ది పూర్వార్ధమున, ఒక గొప్ప విద్యాస్థానముండెను. అచ్చటి శాసనమునుబట్టి వేదములను, రూపావతారమను వ్యాకరణమును నేర్చు చిన్న విద్యార్థులు 270 మంది. వ్యాకరణము, ప్రాభాకరమీమాంస, వేదాంతము చదువు పెద్ద విద్యార్థులు 70 మంది. దినమునకు చిన్నవానికి 6 నాళుల ధాన్యము, పెద్దవానికి 10 నాళుల ధాన్యము నియమింపబడెను. చదువున పైమెట్టెక్కిన వానికి కొలత పెరిగెనన్నమాట. పురోగతిని గుర్తించు పద్ధతి అప్పటికే కలదు. అది వెనుకబడినవానిని వెడలగొట్టు రూపమున గాక, ముందునకు సాగినవానికి హెచ్చించు రూపమున నుండెను. మన గుంటూరుమండలమందలి మల్కాపురశాసనము (క్రీ. శ. 1261) ఇంతకంటెను మనకు దగ్గరిది. రుద్రమదేవి కాలమున విశ్వేశ్వరశంభువు తనకు వచ్చిన గ్రామముల యాదాయమును భాగించి, దేవాలయమునకును, మఠమునకును, విద్యార్థులకును, ప్రసూతిశాల, ఆరోగ్యశాల, సత్రములకును ఏర్పరచెను. చదువుకొనువాని కూడును, రోగి మందును ఒకే చేతితో వ్రాసిన శాసనమది.

నగదువేతనమునకు పరీక్షను ముడివెట్టుట ఆంగ్లేయుల దొరతనమున స్థిరపడెను. 1813వ సంవత్సరపు చార్టరు చట్టమున విద్యకై యేటికి లక్షరూపాయలు ప్రత్యేకింపబడిన పిదప, 1824లో కలకత్తా సంస్కృతకళాశాల వెలసెను. విద్యార్థులకు నెలవారీ వృత్తులిచ్చి చదివించుచుండిరి. 1835 ఫిబ్రవరి 2వ తేదీని మెకాలేదొర వ్రాసిన ప్రసిద్ధమైన లేఖను మనమందరము మాతృభాషాభిమానముతో నిందించుట వాడుక. కాని అందలి ఒక వాదము వేతనములను గూర్చినదని మనలో గుర్తుంచుకొన్నవారు తక్కువ. సంస్కృతకళాశాల పూర్వవిద్యార్థులు కొందరు దొరతనమునకు విన్నపము పెట్టుకొని, తాము పది పండ్రెండేండ్లు చదివి యోగ్యతాపత్రములను పొందియు జీవనోపాధి లేక యున్నామని మొరపెట్టుకొనిరి. జీతమిచ్చి ఇంతకాలము చదివించి నిరుపయోగులను తయారుచేయుచున్నామని ఆతడు దానిని ఎత్తిచూపెను. ఆ సంవత్సరమే మార్చి 7వ తేదీని బెంటింకుప్రభువు తీర్మానము వెలువడెను. అప్పటికే వృత్తి పొందుచున్నవారికి అది యట్లే సాగవలెను. ఇకముందు చేరువారికి వృత్తి లేదు.

ఇచ్చట నేనొక్క మాట చెప్పక మానలేను. మెకాలే పరిహసించిన ఆ పండ్రెండేండ్ల చదువునే, ఆ కళాశాలయందే, సరిగా ఆ దినములలోనే ఒక బీదబ్రాహ్మణుని కుమారుడు చదువుచుండెను. ఆతడు 1829లో చేరి 1841లో బయటికి వచ్చెను. ఆతని పేరు ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు. వృత్తి యాధారముగా చదివిన ఆ బాలుడే 1851లో ఆ కళాశాలకు అధ్యక్షుడై, బ్రాహ్మణ వైద్యులకు మాత్రమే తెరచియున్న దాని తలుపులను మొదట కాయస్థులకును, పిదప ఇతర హిందువులకును తెరిపించెను. పండ్రెండేండ్లు అధికమా, తగునా అనునది చదివినవానిని చూచి చెప్పవలసిన మాట.

ఆక్లండుప్రభువు 1839 నవంబరులో వ్రాసిన లేఖతో వేతనములు మరల వచ్చినవి. అయితే అవి పూర్వపు వృత్తులు గావు. చేరినవారికెల్ల ఇచ్చుట మాని, ప్రతిభ చూపిన కొందరికి మాత్రమే ఇయ్యవలెననియు, ఇచ్చిన పిదపను పురోగతి కనబరచినంతకాలమే సాగవలెననియు ఆతని మతము. నేడు “రిన్యూవలు” అని మనము పిలుచు పద్ధతి ఈ నేలపై నాటబడినది అప్పుడే. జూనియరు, సీనియరు స్కాలర్‌షిప్పులు, వానికి ఏటేటి పరీక్షలు క్రమముగా అమలులోనికి వచ్చినవి. నియమము మంచిదే. దాని మంచిచెడుగులను రెంటిని ఒక్క మనుష్యుని జీవితమునందే చూడగలము. ఆతనిని గూర్చియే కొంత విస్తరించి వ్రాయుదును.

శ్రీనివాస రామానుజన్ 1903 డిసెంబరులో మెట్రిక్యులేషను పరీక్షలో గెలిచి, 1904 జనవరిలో కుంభకోణము గవర్నమెంటు కళాశాలలో ఎఫ్. ఏ. తరగతిని చేరెను. తండ్రి ఒక వస్త్రదుకాణమున గుమాస్తా. జీతము నెలకు సుమారు 20 రూపాయలు. కళాశాల జీతము టరమునకు 32 రూపాయలు. రామానుజన్‌నకు సుబ్రహ్మణ్యం స్కాలర్‌షిప్పు దొరకెను. సామాన్యముగా గణితమునందును ఆంగ్లమునందును ప్రావీణ్యము గలవారికి దానిని ఇచ్చుచుండిరి. చేరిన పిదప ఆతడు గణితము దప్ప వేరొకటి ముట్టలేదు. పై తరగతికి పోవు పరీక్షయందు ఆంగ్లరచనలో తప్పెను. స్కాలర్‌షిప్పు పోయెను.

ఆతని తల్లి కోమలతమ్మాళ్ కళాశాల ప్రిన్సిపాలు నొద్దకు పోయి, గణితమున సాటిలేని నా కుమారునకు వేతనమును ఏల తీసివేసితిరని అడిగినదట. ఆయన మర్యాదగానే వినెను గాని, ఆంగ్లమున తప్పినాడు గనుక చేయునది లేదని చెప్పి పంపెను. ఆయనను నేను దూషింపను. నియమపుస్తకమును చేతబట్టుకొని కూర్చున్నవాని కష్టము నాకు తెలియును. ఆ పుస్తకమున “తప్పెను” అను మాటకు స్థానము కలదు గాని, “ఎందులో తప్పెను, మిగిలినదానిలో ఏమి చేసెను, మరల లేచుటకు ఎంత గడువు” అను మాటలకు స్థానము లేకుండెను.

అటుపిమ్మట జరిగినది మన తెలుగుదేశమునకు కొంత సంబంధించినది. 1905లో ఆ బాలుడు ఎవరికిని చెప్పక ఇల్లు విడిచి ఉత్తరముగా తెలుగునాటికి, విశాఖపట్టణమునకు పారిపోయెను. కొన్నాళ్లు తిరిగి ఇంటికి వచ్చి కళాశాలలో కూర్చుండెను గాని, హాజరు చాలక టరము సర్టిఫికెట్టు దొరకలేదు. 1906లో మద్రాసు పచ్చయప్ప కళాశాలలో చేరి, జబ్బుపడి మరలెను. 1907లో ప్రైవేటుగా ఎఫ్. ఏ.కు కూర్చుండి మరల తప్పెను. ఒక మెట్టున వేతనము తెగినందున రెండవ మెట్టున హాజరు పోయెను; హాజరు పోయినందున మూడవ మెట్టున చదువే పోయెను. వేతనము తెగినవాని కథ చాలవరకు ఈ వరుసనే నడచుచుండును.

తరువాత రెండవ విధమైన సహాయము వచ్చెను. 1910 చివర రామానుజన్ నెల్లూరు కలెక్టరును, గణితాభిమానియునగు దివాన్‌బహదూర్ ఆర్. రామచంద్రరావుగారిని ఆశ్రయించెను. ఆయన నోటుపుస్తకములను చూచి, మొదట సందేహించి, పిదప నమ్మి, నెలకు 25 రూపాయలు తన చేతినుండి పంపసాగెను. పరీక్ష లేదు, నిబంధన లేదు. మన దాతలకు ఈ రీతి మిక్కిలి మనోహరముగా దోచును, నాకును దోచినది. కాని ఊరక ఒకరి సొమ్ము తినుటకు ఆ యువకునికే మనసొప్పలేదు. 1912 మార్చి 1వ తేదీని మద్రాసు పోర్టుట్రస్టులో నెలకు 30 రూపాయల గుమాస్తాపనిలో చేరెను. నిబంధన లేని దానము సయితము పుచ్చుకొనువానికి ఒక్కొకప్పుడు బరువే యగును.

మూడవది అన్నింటికంటె ముఖ్యము. 1913లో కేంబ్రిడ్జినుండి హార్డీపండితుని ప్రత్యుత్తరము వచ్చిన పిదప, వాతావరణశాఖాధిపతియగు గిల్బర్టు వాకరుదొర రామానుజన్ గణితమును చూచి, ఈతనికి కొన్ని యేండ్లు తీరిక కల్పింపవలసినదని మద్రాసు విశ్వవిద్యాలయమునకు వ్రాసెను. బి. హనుమంతరావుగారు గణితపాఠ్యసంఘమును సమావేశపరచి, నెలకు 75 రూపాయల చొప్పున రెండేండ్లు ఇయ్యవలసినదని సిఫారసు చేయించిరి. పరిశోధకవేతనమునకు ఎం. ఏ. పట్టము కావలెను; రామానుజన్‌నకు ఎఫ్. ఏ.యును లేదు. సిండికేటులో ఈ యభ్యంతరము రాగా, వైస్‌చాన్సలరగు జస్టిస్ పి. ఆర్. సుందరమయ్యరుగారు, విశ్వవిద్యాలయ చట్టపు పీఠికయందే పరిశోధనను పెంపొందించుట మన విధియని యున్నది గదా యని సమాధానము చెప్పిరి. 1913 మే 1వ తేదీనుండి వేతనము మొదలయ్యెను.

ఇంతవరకు పలువురు ఎరుగుదురు. దీనికి కట్టిన నిబంధనను ఎరిగినవారు అరుదు. మూడుమాసముల కొకసారి తాను చేసిన పనిని గూర్చి గణితపాఠ్యసంఘమునకు పురోగతి నివేదిక పంపవలెను. రామానుజన్ 1913 ఆగస్టులో మొదటిది, నవంబరులో రెండవది, 1914 మార్చిలో మూడవది పంపెను. మూడవదానిని పంపిన కొలది దినములకే, మార్చి 17వ తేదీని, ఆతడు ఓడ యెక్కెను. ఆ నివేదికలలో నిశ్చితసమాకలులను గూర్చిన సిద్ధాంతములున్నవి. వానిలో నొకటి నేడు “రామానుజన్ మహాసిద్ధాంతము” అను పేర ప్రసిద్ధము. ఏడు దశాబ్దులైన పిదపను గణితవేత్తలు ఆ నివేదికలను శోధించి, వ్యాఖ్యానించి, గ్రంథమున ప్రకటించిరి. వేతనము నిలుపుకొనుటకై సమర్పించిన కాగితములే లోకమునకు నిధులైనవి!

విద్యార్థి వాడే, ప్రాంతము అదియే, కాలభేదము తొమ్మిదేండ్లు. ఒక పురోగతినియమము ఆతనిని వీధిలోనికి త్రోసెను, మరియొక పురోగతినియమము ఆతనిచేత పని చేయించెను. మొదటిది సంవత్సరాంతమున ఒక్కసారి చూచి తలుపు మూసెను. రెండవది మూడుమాసములకొకసారి తలుపు తట్టి, ఏమి చేసితివని అడిగెను. అడిగినవారు ఆ విద్య తెలిసినవారు.

ఆ 1913లోనే మరియొక యువకుడు ఓడ యెక్కెను. బరోడా మహారాజగు సయాజీరావుగారి వేతనముతో భీమరావు అంబేడ్కరుగారు అమెరికాలోని కొలంబియా విశ్వవిద్యాలయమునకు పోయిరి. గడువు మూడేండ్లు. 1916లో లండనునకు పోయి చదువు సాగించుచుండగా గడువు ముగిసి, 1917లో అసంపూర్ణముగా విడిచి రావలసి వచ్చెను. మరల 1920లో పోయి, 1923లో డి. ఎస్‌సి. పట్టమును సాధించిరి. కాలపరిమితి యవసరమే. కాని దానిని విధించువారు, అది సరిగా ఎచ్చట తెగునో ముందుగా చూచుకొనవలెను.

ఇప్పటి విషయమునకు వత్తము. షెడ్యూల్డు కులముల విద్యార్థులకు మెట్రిక్యులేషను పిదపటి చదువులకై వేతనములిచ్చు పథకము మన దేశమున 1944లో మొదలయ్యెను. దానికి 2010లో వెలువడిన నిబంధనలను నేను శ్రద్ధగా చదివితిని. వైద్యము, ఇంజనీరింగు మొదలగు పెద్దచదువులయందు మొదటిసారి తప్పిన విద్యార్థికి వేతనమును కొనసాగింపవచ్చునని అందుండెను. రెండవసారి తప్పినచో, పై తరగతికి పోవువరకు తన ఖర్చు తానే పెట్టుకొనవలసియుండెను. పోయిన పిదప మరల అర్హుడగుచుండెను. జబ్బుచేతనో, అనుకొనని యాపదచేతనో పరీక్షకు కూర్చుండలేనివాడు వైద్యుని పత్రము చూపినచో వేతనము నిలుచుచుండెను. దొరతనమువారి కాగితములలో దయ యుండదని మనము వాడుకగా అనుచుందుము. ఈ నిబంధనలను చూచిన పిదప, మన కార్యవర్గపు ముసాయిదా ఆ దొరతనపు నిబంధనలకంటె కఠినముగా నున్నదని చెప్పుటకు నాకు సిగ్గగుచున్నది.

మన దాతలలో పలువురి బిడ్డలును మనుమలును అమెరికాలో స్థిరపడియున్నారు గనుక అచ్చటి పద్ధతిని గూర్చియు రెండు మాటలు. 1965 నవంబరు 8వ తేదీని అచ్చట ఉన్నతవిద్యాచట్టము వచ్చెను. కేంద్రప్రభుత్వపు సహాయము పొందు విద్యార్థి తృప్తికరమైన పురోగతి చూపవలెనను నియమము 1976 సవరణలలో చేరెను. రెండేండ్లకు మించిన చదువైనచో, రెండవ సంవత్సరాంతమునకు సగటు “సి” తరగతి గాని, పట్టము పొందుటకు సరిపడు స్థితి గాని యుండవలెను. చదువునకు నిర్ణయించిన పరిమాణమునకు ఒకటిన్నర రెట్లలోపల ముగింపవలెను. 120 యూనిట్ల పట్టమునకు 180 యూనిట్లవరకు ప్రయత్నింపవచ్చును. అనగా చేపట్టిన ప్రతి మూడింటిలో రెండు నెగ్గుచుండవలెను. మూడింట నొకటి జారుటకు చట్టమే చోటిచ్చినదన్నమాట! 2011 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన నిబంధనలప్రకారము, ప్రతి టరమునకు పరిశీలించు కళాశాలలు మొదటిసారి వెనుకబడినవానికి హెచ్చరిక చేసి ఒక టరము సహాయము సాగింపవచ్చును. అప్పటికిని కోలుకొననిచో అప్పీలు కలదు. బంధుమరణము, గాయము, జబ్బు మొదలగు కారణములు చూపి, ఇప్పుడేమి మారినదో, ఇకముందెట్లు నెగ్గునో వ్రాసి యిచ్చినచో, విచారించి మరల అవకాశమియ్యవచ్చును. ధనవంతమైన దేశము గనుక చెల్లునని కొందరందురు. నాకట్లు తోచదు. హెచ్చరికయుత్తరము వ్రాయుటకు ఐశ్వర్యముతో పనిలేదు.

ఇక నా సంగతి. చెప్పకుండ దాటవలెనని యనుకొంటిని గాని, దాటినచో పైన వ్రాసినదంతయు పరోపదేశపాండిత్యమగును. సుమారు ఇరువదియేండ్ల క్రిందట ఒక ధర్మనిధికి చెందిన ఎంపికసంఘమున నేను సభ్యుడనై యుంటిని. తెలుగున పదవతరగతివరకు చదివి, ఇంజనీరింగులో చేరిన ఒక బాలుడు మొదటి సంవత్సరమున డ్రాయింగునందు తప్పెను. తక్కిన విషయములలో మంచి మార్కులే యుండెను. నేటి మన ముసాయిదావంటి నియమమే అప్పుడును ఉండెను. జాబితాలో ఆతని పేరును ఎర్రసిరాతో కొట్టివేసినది ఈ చేతియే. కొన్నాళ్లకు ఆతని తల్లి మా ఇంటికి వచ్చి, అరుగుమీద కూర్చుండి, “అయ్యా మాస్టారూ, ఒక్కదాంట్లోనే కదండీ పోయింది, మిగతా మార్కులు ఒకసారి చూడండి” అని కాగితము చాపినది. “అమ్మా, నిబంధన అట్లున్నది, నేనేమి చేయుదును?” అంటిని. కాగితమును చూడనైన చూడలేదు. ఆ బాలుడు తరువాతి పరీక్షలో డ్రాయింగు నెగ్గెనని పిదప తెలిసెను. కాని నెగ్గినవాడు తిరిగివచ్చుటకు మా నిబంధనలలో త్రోవ లేదు. రెండవయేడు జీతము కట్టలేక చదువు మానివేసెను. కోమలతమ్మాళ్ కథను చాలకాలము తరువాత చదివితిని. చదివిననాటి రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

కావున నా విన్నపమిది. పురోగతినియమము ఉండవలసినదే. లేనిచో రామచంద్రరావుగారివంటి ఔదార్యమునకును ఒకనాటికి విసుగు పుట్టును, దాతలకు మనపై నమ్మకము సడలును. కాని చూపు సంవత్సరమునకొక్కసారి గాక ప్రతి అర్ధసంవత్సరము ఉండవలెను. మొదటిసారి తప్పినవానికి వేతనమును ఆపక హెచ్చరికయుత్తరము పంపవలెను. రెండవసారి తప్పినచో ఆపవలెను. ఆపుట వేరు, రద్దుచేయుట వేరు. తప్పినది నెగ్గిన దినమున దరఖాస్తు లేకయే వేతనము మరల మొదలుకావలెను. జబ్బు, ఇంటిలో మరణము, తెలుగునుండి ఆంగ్లమునకు మారిన మొదటి సంవత్సరపు తికమక అనువానిని వినుటకు ముగ్గురు ఉపాధ్యాయులు కూర్చుండవలెను. వారిలో ఒకడైనను ఆ విద్య తెలిసినవాడై యుండవలెను. ఇంజనీరింగు మార్కులను సంస్కృతపండితుడొక్కడే చూచినచో ఏమగునో పైన చెప్పితిని. వేతనము పొందు ప్రతి విద్యార్థియు మూడుమాసములకొకసారి తాను ఏమి చదివినది, ఎచ్చట చిక్కుపడినది, ఒక్క పుటలో వ్రాసి పంపవలెను. తెలుగున వ్రాసినను చాలును.

ఈ సవరణను వ్రాతమూలకముగా కార్యదర్శిగారికి అందజేసియున్నాను. ఆ మూడుమాసముల ఉత్తరములను చదివి ప్రత్యుత్తరము వ్రాయువారెవరని కార్యవర్గమున ప్రశ్న వచ్చినదని వింటిని. కన్ను కనబడినంతకాలము ఆ పనిని నాకప్పగింపవలసినదని సభవారిని వేడుకొనుచున్నాను.